మత్స్యదర్శినికి కుటుంబంతో వెళ్తున్నారా? ఆ పూటను ఇలా గడపండి

విశాఖపట్నం బీచ్‌రోడ్డులో కాళీమాత గుడికి దగ్గరగా వీఎంఆర్‌డీఏకు (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకు) చెందిన మత్స్యదర్శిని ఉంది. అది చేపల చిన్న ప్రదర్శనశాల. తలమీదుగా సొరచేపలు ఈదుకుంటూ పోయే విదేశీ సొరంగాల వీడియోలు చూసి, అదే ఊహతో పిల్లలను తీసుకువెళ్తే లోపలికి అడుగు పెట్టగానే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. నేను మొదటిసారి మా ఇద్దరు పిల్లలతో వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాల్లో అన్ని గాజు తొట్లూ దాటి బయటకు వచ్చి, ‘అంతేనా?’ అన్న వాళ్ళ ప్రశ్నకు జవాబు లేక మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి ఊరుకున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు గంటన్నర గడిచినా చిన్నవాడు బయటకు రానన్నాడు. తొట్లు అవే, చేపలూ దాదాపు అవే. మేము చూసిన తీరు మాత్రం మారింది. ఆ తీరును వరుసగా చెప్పడానికే ఈ ప్రయత్నం.

ముందురోజు చేయవలసిన పనులు

ముందుగా ప్రదర్శనశాల తెరిచి ఉందో లేదో, ఆ రోజు వేళలూ టిక్కెట్టు ధరా ఎంతో ఫోన్ చేసి గాని, ఆ దారిన వెళ్ళేవారి చేత గాని కనుక్కోండి. నీటితో నడిచే చోటు కాబట్టి మరమ్మతులు తప్పవు. ఎప్పుడో చూసిన వేళలను నమ్మి బయల్దేరితే మూసిన తలుపు ఎదురుకావచ్చు. దగ్గరలోనే ఉన్న కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలను కూడా అదే పూట చూడాలనుకుంటే సోమవారం వద్దు, ఆ రోజు దానికి సెలవు. ఆదివారం సాయంత్రం బీచ్‌రోడ్డు జనసంద్రంగా ఉంటుంది. కార్తీక మాసపు వనభోజనాల రోజుల్లోనూ, బడుల విహారయాత్రలు సాగే డిసెంబరు, జనవరి నెలల్లోనూ గాజు దగ్గర నిలబడే చోటే దొరకదు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఒక సెలవు కలిసివస్తే దానిని వదులుకోకండి.

వేళ విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. విశాఖ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు గాని సముద్రంలో అస్తమించడు. మధ్యాహ్నం నాలుగు దాటాక ఎండ ఊరి వైపుకు వాలిపోయి, ఇసుక చల్లబడడం మొదలవుతుంది. అందువల్ల మూడున్నరకు ఇల్లు వదిలి, నాలుగింటికి చేపల దగ్గర ఉండి, అయిదున్నరకు అలల దగ్గరకు చేరడం అన్ని వయసుల వారికీ అనుకూలంగా ఉంటుంది. పగలు పదకొండు గంటలకు వెళ్ళి, చూడడం ముగించుకుని, ఉక్కపోతలో రోడ్డు మీద ఆటో కోసం నిలబడే అవస్థ పిల్లల కంటే పెద్దవాళ్ళకే ఎక్కువ.

వీలైతే ఆ ఉదయమే ఫిషింగ్ హార్బరు చూడండి

ఇది తప్పనిసరి కాదు. అయినా విశాఖలో ఉన్నవారికి తప్ప మరొకరికి సులువుగా దొరకని అవకాశం ఇది. తెల్లవారుజామున ఆరు గంటల ప్రాంతంలో పాతపట్నం వైపున్న ఫిషింగ్ హార్బరుకు వెళితే బోట్ల నుంచి గంపల్లో దిగిన చేపలను వేలం పాడుతుంటారు. కోనాం, చందువ, కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, టేకు చేపలు, సొరలు, రొయ్యలు, పీతలు అన్నీ అరచేతి దూరంలో కనిపిస్తాయి. పట్టణపు పిల్లలకు చేప అంటే కూరలో ముక్క, లేదంటే గాజు వెనక రంగుబొమ్మ. ఈ రెండింటికీ నడుమనున్న అసలు చేపను, దాని బరువునూ జిగటనూ వాసననూ ఇక్కడ తెలుసుకుంటారు. అమ్ముతున్న ఆమెను మర్యాదగా, ‘అమ్మా, దీన్ని ఏమంటారు?’ అని పిల్లవాడి చేతనే అడిగించండి. బేరం హడావుడి తగ్గాక అడిగితే చాలామంది ఆప్యాయంగా చెబుతారు, మొప్ప ఎత్తి లోపలి ఎరుపును చూపించి తాజా చేపను గుర్తుపట్టడం కూడా నేర్పుతారు.

నేల తడిగా, జారుడుగా ఉంటుంది కనుక జారని చెప్పులు వేసుకోండి. వేలం జరుగుతున్న వలయంలోకి పిల్లలను వదలకండి. మరొక సంగతి: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట మీద నిషేధం ఉంటుంది. వేసవి సెలవులు కూడా దాదాపు అవే రోజుల్లో వస్తాయి కాబట్టి అప్పుడు హార్బరుకు వెళ్ళినా కట్టేసిన బోట్లే ఎక్కువగా కనిపిస్తాయి. గుడ్లు పెట్టే కాలంలో చేపలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికే ఆ విరామం అని పిల్లలకు చెబితే, ఖాళీ రేవు కూడా ఒక పాఠమే అవుతుంది.

హార్బరు నుంచి ఇంటికి వచ్చి, స్నానాలు, టిఫిన్లు, మధ్యాహ్నం ఒక కునుకు. ఈ కునుకును తగ్గించకండి.

లోపలికి వెళ్ళేటప్పుడు

సంచిలో మంచినీళ్ళు, చిన్న తువ్వాలు, పిల్లలకు ఒక జత పొడి బట్టలు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. తినుబండారాలను లోపలికి తీసుకువెళ్ళవద్దు. చేతికి అంటుకున్న నూనె గాజు మీదకే చేరుతుంది. మరుగుదొడ్డి అవసరం లోపలికి వెళ్ళకముందే తీర్చండి. మూడేళ్ళ లోపు పిల్లలు చీకటి గదిలో వెలుగుతున్న తొట్టెలను చూసి బెదిరే అవకాశం ఉంది కనుక మొదటి అయిదు నిమిషాలు చంకలో ఎత్తుకుని ఉండండి. మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ, తాతయ్యలకు ఎక్కడ కూర్చునే వీలుందో ముందే చూసిపెట్టండి. వారిని ‘మీరు బయట కూర్చోండి, మేము చూసి వస్తాం’ అని మాత్రం వదిలేయకండి. ఇంట్లో చేపల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినది నలభై ఏళ్ళుగా వాటిని తోమి వండుతున్న ఆవిడకే. ఏ చేపకు పొలుసు ఉంటుందో, దేనికి ముళ్ళు ఎక్కువో ఆవిడ చెప్పే మాట, తొట్టి పక్కన అంటించిన పేరు పలక కంటే పిల్లలకు బాగా గుర్తుంటుంది.

చూడవలసిన పద్ధతి

మొదట అంతటా ఒక చుట్టు చుట్టి రండి. పది నిమిషాలు చాలు. ఈ చుట్టులో ఎక్కడా ఆగకుండా, ఏ తొట్టి దగ్గర మళ్ళీ నిలబడాలని ఉందో ప్రతి ఒక్కరూ ఒకటి ఎంచుకోవాలి. నలుగురు వెళ్తే నాలుగు తొట్లు. తరువాత ఆ నాలుగింటి దగ్గరే, ఒక్కొక్కదాని వద్ద పదిహేను నిమిషాలు గడపండి. మిగిలినవి వదిలేసినా నష్టం లేదు. టిక్కెట్టు డబ్బులకు అన్నీ చూడాలన్న లెక్క పెద్దవాళ్ళది, పిల్లలది కాదు. పదిహేను నిమిషాలు ఒకే చేపను చూడడం మొదట్లో కష్టంగా ఉంటుంది. చేతిలో ప్రశ్న ఉంటే సులువవుతుంది. నేను వాడే ప్రశ్నలను కొన్ని చెబుతాను.

మొదటిది శ్వాస. చేప చెంప మీద ఉన్న మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో గడియారం పట్టుకుని లెక్కపెట్టమనండి. చిన్న చేపనూ పెద్ద చేపనూ, చురుకుగా తిరిగేదాన్నీ ఒక మూల నిలిచి ఉన్నదాన్నీ పోల్చి నోటుపుస్తకంలో రాయించండి. పాము చేప ఉన్న తొట్టి దగ్గర పిల్లలు భయపడతారు, అది నోరు తెరిచి మూస్తూ ఉంటుంది కనుక. కరవడానికి కాదు, మొప్పల మీదుగా నీటిని నడిపించుకోవడానికి అది అలా చేస్తుందని చెప్పగానే ముందుకు జరుగుతారు. కొరమీను ఉంటే మరీ మంచిది: అది అప్పుడప్పుడు పైకి వచ్చి గాలిని నేరుగా మింగి వెళుతుంది. నీరు ఇంకిపోతున్న చెరువు బురదలో కూడా అది బతికి ఉండడానికి కారణం అదే.

రెండోది ఉప్పు. ఏ తొట్టిలో ఉప్పునీరు, దేనిలో మంచినీరు ఉందో నీటిని తాకకుండా చెప్పగలరా అని పందెం వేయండి. పేరు పలక చూడకుండా చెప్పడం పెద్దవాళ్ళకూ కష్టమే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వచ్చి కలుస్తాయి కనుక మన బంగాళాఖాతపు పైనీటిలో, ముఖ్యంగా వానాకాలం తరువాత, అంతకంటే తక్కువగా ఉంటుంది. అసలు వింత దాని తరువాతిది. సముద్రపు చేప ఒంట్లోని నీటిని చుట్టూ ఉన్న ఉప్పు లాగేస్తుంది కాబట్టి అది ఎప్పుడూ నీళ్ళు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటకు పంపుతుంది. చెరువు చేపకు ఇది తలకిందులు: నీరు దానంతట అదే ఒంట్లోకి చొరబడుతుంది, అందుకని అది దాదాపు నీళ్ళు తాగదు, మూత్రం మాత్రం విస్తారంగా పోస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లలకు ఈ చివరి మాట ఒక్కటి చెబితే చాలు, మిగతాదంతా వాళ్ళే అడుగుతారు.

మూడోది తేలడం. చేప రెక్క ఆడించకుండా నీటి మధ్యలో ఎలా నిలబడగలుగుతోంది? ఎముకలున్న చేపల్లో చాలావాటికి కడుపులో గాలితిత్తి ఉంటుంది; అందులోని గాలిని పెంచుకుంటూ తగ్గించుకుంటూ తనకు కావలసిన లోతులో నిలుస్తుంది. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేపల్లో ఈ తిత్తి ఉబ్బిపోయి, పొట్ట నోట్లోకి తన్నుకొచ్చి ఉండడం ఉదయం హార్బరులో చూసి ఉంటే ఇక్కడ గుర్తుచేయండి. సొరకూ టేకు చేపకూ ఆ తిత్తి లేదు. సొర నూనె నిండిన పెద్ద కాలేయంతో కొంత, కదలికతో కొంత తేలుతుంది. టేకు చేపలు ఎక్కువగా అడుగునే పరుచుకుని పడుకుంటాయి. ఈ గాలితిత్తిని మరిచిపోకండి, సాయంత్రం దానితో పని ఉంది.

నాలుగోది కుటుంబం. క్లౌన్ ఫిష్‌లు ఉంటే వాటిలో అన్నిటికంటే పెద్దది ఏదో వెతకండి. అది ఆడది. ఆ గుంపులో ఆమె చనిపోతే, తరువాతి స్థానంలో ఉన్న మగచేప ఆడచేపగా మారుతుంది. సముద్ర గుర్రాల్లో పిల్లలను పొట్టసంచిలో మోసి కనేది తండ్రి. ఈ మాట చెప్పినప్పుడు మా ఇంట్లో పడిన నవ్వులు, నా మీద పడిన చూపులు ఇక్కడ రాయనక్కరలేదు.

ఇంకొక చిన్న తమాషా: చదునైన గాజు గుండా చూసినప్పుడు నీటిలోని వస్తువు అసలు దూరంలో సుమారు నాలుగింట మూడు వంతుల దగ్గరకు వచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగు అడుగుల లోపల ఉన్న చేప మూడు అడుగుల్లో ఉన్నట్టు, కాస్త పెద్దదిగా తోస్తుంది. మూల దగ్గర నిలబడితే రెండు గాజుల్లోంచి ఒకే చేప రెండుగా కనిపించడం కూడా చూడవచ్చు.

చేయకూడనివి

గాజు మీద తట్టవద్దు. మీ పిల్లలకు చెప్పడం సులువు. పక్కన నిలబడి ఉంగరపు వేలితో టకటకలాడిస్తున్న పెద్దమనిషికి చెప్పడమే కష్టం, అయినా నవ్వుతూ ఒకమాట అనండి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు మించిన వేగంతో ప్రయాణిస్తుంది. చేప పక్కల వెంట పొడుగునా ఉండే పార్శ్వరేఖ నీటిలోని అతి చిన్న కదలికను కూడా పసిగడుతుంది. పారిపోవడానికి చోటు లేని తొట్టిలో ఆ తట్టుడు దానికి ఎలా ఉంటుందో పిల్లలే ఊహించి చెబుతారు. ఫ్లాష్ కూడా వాడకండి. ఈ చేపలకు మూసుకోవడానికి కనురెప్పలు లేవు. ఫోన్‌ను గాజుకు ఆనించి, నిటారుగా పట్టుకుని తీస్తే మీ చొక్కా ప్రతిబింబం పడకుండా ఫొటో బాగానే వస్తుంది. బిస్కెట్ ముక్కలు, మరమరాలు నీళ్ళలో వేయకూడదు. వాటికి మేత వేసే వేళ ఏదో సిబ్బందిని అడిగి ఆ సమయానికి ఆ తొట్టి దగ్గరకు చేరుకోవడం మేలు. ఒంటి మీద తెల్ల మచ్చలతోనో, పక్కకు ఒరిగిపోయో చేప కనిపిస్తే దాన్ని వీడియో తీసి ఊరంతా పంపే ముందు అక్కడి సిబ్బందికి చెప్పండి.

బయటకు వచ్చాక: జలాంతర్గామి

ఓపిక ఉంటే బీచ్‌రోడ్డు వెంట కొంత దూరం నడిచి కురుసుర దగ్గరకు వెళ్ళండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 ఫిబ్రవరి వరకు పనిచేసింది. 2002 ఆగస్టు నుంచి ఇసుక మీద ప్రదర్శనశాలగా ఉంది. పొడవు 91 మీటర్లకు పైమాటే. ఇక్కడే గాలితిత్తి సంగతి బయటకు తీయాలి. జలాంతర్గామి తన ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని నింపుకుని మునుగుతుంది, నొక్కిపట్టిన గాలితో ఆ నీటిని బయటకు నెట్టి తేలుతుంది. గంట క్రితం గాజు వెనక చూసినదే ఇక్కడ ఇనుముతో చేసి పెట్టి ఉందని పిల్లవాడు తనంతట తాను అంటే, ఆ పూటకు అంతకంటే ఏమీ అక్కరలేదు. లోపల దారులు ఇరుకు. ఒక గది నుంచి మరొక గదికి గుండ్రటి ద్వారం గుండా కాలెత్తి, వంగి దాటాలి. మోకాళ్ళు పట్టేసేవారినీ, ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు అనిపించేవారినీ బలవంతపెట్టకండి.

సముద్రం దగ్గర

ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, అంతే. ఇక్కడ ఒడ్డు తొందరగా లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు బలమైనవి. ఈతొచ్చిన కుర్రాళ్ళే ఇక్కడ ఏటా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. చీలమండ దాటి నీళ్ళు తగులుతున్నాయంటే వెనక్కి రావాలన్న నియమాన్ని ఇసుకలో దిగకముందే చెప్పండి. ప్రతి పిల్లవాడి మీద కన్ను వేసి ఉంచే బాధ్యతను పేరుపెట్టి ఒక పెద్దవారికి అప్పగించండి, ‘అందరం చూస్తాంలే’ అనుకుంటే ఎవరూ చూడరు.

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళితే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ ఊసు వినిపిస్తుంది. అవి ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అలా వదిలే రోజు ఏదో ముందుగా కనుక్కోగలిగితే మీ ప్రయాణాన్ని దానికి తగినట్టు జరుపుకోండి. గుప్పెడు తాబేలు పిల్ల అల వైపు పాకడం ముందు ఏ గాజు తొట్టీ సాటిరాదు. ఏ తొట్టిలోనూ పట్టని జీవులు ఈ నీటిలో ఉన్నాయని చెప్పడానికి మరో ఉదాహరణ: 2021 డిసెంబరులో విశాఖకు దగ్గరలోని తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగలం సొరను, ప్రపంచంలోనే అతిపెద్ద చేప జాతికి చెందినదాన్ని, మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

ముంత మసాలా, బజ్జీలు ఈ దశలో కొనండి, ముందు కాదు. పొట్లాల కాగితాలు సంచిలోకి.

దారిలో వచ్చే కోరిక

తిరుగు ప్రయాణంలో ‘మనమూ చేపలు పెంచుకుందాం’ అన్న మాట తప్పక వస్తుంది. వెంటనే అవుననకండి, కాదనకండి. గుండ్రటి చిన్న గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లు కొని తెస్తే వారంలో ఒకటి పోవడం, పిల్లలు ఏడవడం చాలా ఇళ్ళలో జరిగేదే. చేప విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియా దానికే విషం. దాన్ని హానిలేని రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు వడపోతలో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక ముందు తొట్టి, వడపోత, గాలి పంపు అమర్చి, నీటిని నడవనిచ్చి, ఆ తరువాతే ఒకటి రెండు చేపలు తెచ్చుకోవాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజంతా వెడల్పాటి బకెట్లో నిలవ ఉంచి గాని, దుకాణంలో దొరికే మందు వేసి గాని వాడాలి. తొట్టి కడిగే రోజు మొత్తం నీటిని మార్చేయకుండా నాలుగో వంతు మాత్రమే మార్చండి.

పాచి తింటుందని దుకాణదారు అంటగట్టే సక్కర్ చేప విషయంలో జాగ్రత్త. వేలెడంత ఉన్నది అడుగుకు పైగా పెరుగుతుంది, అప్పుడు ఇంట్లో పట్టక చాలామంది దాన్ని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతి అలాగే కృష్ణా, గోదావరి నీళ్ళలోకి చేరి, వలలు చింపుతూ, స్థానిక చేపల తిండికి ఎసరు పెడుతూ మత్స్యకారుల నోట ‘దెయ్యం చేప’ అనిపించుకుంటోంది. ముడసర్లోవలో గాని, కొండకర్ల ఆవలో గాని, ఇంటి పక్క గెడ్డలో గాని ఏ పెంపుడు చేపనూ వదలవద్దు. పెంచలేని పరిస్థితి వస్తే తిరిగి తీసుకుంటారా అని కొనేటప్పుడే దుకాణదారును అడగండి. తీసుకోనన్నవాడి దగ్గర కొనకండి.